ఆళ్లగడ్డ కైమా

హమీదాబీ ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు తిరిగొచ్చి, ఆటో దిగి, ఇంకా చెప్పులన్నా విడవకముందే పెద్దకోడలితో అన్న మొదటి మాట ఇది.

"మే ముబశ్శిరా, మన తస్నీమ్ టర్కీ కోడి కైమా చేసింది మే. చీనీ తొక్క వేసి. ఎంత రుచిగా ఉండెనో! ఇంగోసారి పెట్టించుకోని తింటి."

అంతే. చేతిలోని మంచినీళ్ల చెంబు అత్తకు ఇచ్చి ముబశ్శిరా వంటింట్లోకి వెళ్లిపోయింది. ప్రయాణం ఎట్లా జరిగిందని అడగలేదు, మోకాళ్ల నొప్పి ఎట్లా ఉందని అడగలేదు. అడిగే స్థితిలో లేదు. ఆ మెచ్చుకోలే చెవిలో మోగుతోంది.

తస్నీమ్ అంటే ఆళ్లగడ్డలో ఉండే చిన్నకొడుకు అన్సార్ భార్య. పెద్దకొడుకు సలీం నంద్యాలలోనే పరుపులు, దిండ్లు కుట్టే కొట్టు నడుపుతాడు. అతని కూతురు పెళ్లై బనగానపల్లెకు పోయాక ఇంట్లో సలీం, ముబశ్శిరా, అత్త, ఈ ముగ్గురే. వీళ్లింట్లో మాట తెలుగే. ఉర్దూ పెండ్లి పత్రికల్లో కనబడుతుంది, అదీ చదవగలిగినవాళ్లకు. హమీదాబీ ఉండేది పెద్దకొడుకు దగ్గరే. ఎప్పుడన్నా చిన్నోడి మీద మనసు మళ్లితే ఆళ్లగడ్డకు పోయి కొన్నాళ్లుండి వస్తుంది. ప్రతిసారీ రాగానే, "ఆ పిల్ల వంట తినలేక చచ్చినా, కాస్త పప్పు చెయ్యి మే" అనేది. ఆ మాట వినడానికే ముబశ్శిరా అత్తను ఆళ్లగడ్డకు పంపేదని సలీం ఎగతాళి చేసేవాడు. అది పూర్తిగా ఎగతాళేమీ కాదు.

తస్నీమ్ వంట సంగతి తస్నీమే దాచుకోదు. అన్నం మెత్తనైతే "పండ్లు లేనోళ్లకు మేలు" అని నవ్వుతుంది. కూర మాడితే "పొయ్యికి కోపమొచ్చినట్లుంది" అంటుంది. అలాంటి పిల్ల చీనీ తొక్క, అంటే బత్తాయి తొక్క, వేసి చేసిన కైమాను అత్త మెచ్చుకుంది. పైగా మారు పెట్టించుకుందట.

హమీదాబీ మెప్పంటే ఏమిటో తెలియాలంటే ముబశ్శిరా కొత్తకోడలుగా వచ్చిన రోజులు తెలియాలి. అప్పట్లో హమీదాబీ వంటకు ఆ వీధిలో తిరుగులేదు. కొత్తకోడలు వండిన కూరలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని, ఒక్క మాట అనకుండా గిన్నె పక్కకు జరిపేది. ఏడుస్తూ వండింది ముబశ్శిరా, కసిగా వండింది, ఏండ్ల తరబడి వండింది. చివరికి అత్త నోట "సరిపోయింది" అనిపించుకుంది. "బాగుంది" అనిపించుకోవడానికి ఇంకా చాలా ఏండ్లు పట్టింది. ఆ మాట పోయిన ఏడాదే మొదలైంది. మొదలయ్యాక వానలాగా కురిసింది. చారు బాగుంది, పలావు బాగుంది, చింతచిగురు మాంసం చాలా బాగుంది. ఇన్నాళ్లకు అత్త అంతదాన్నయ్యానని ముబశ్శిరా లోపల్లోపల పొంగిపోయింది. అందుకే ఆ ఆళ్లగడ్డ కైమా ఆమెకు గొంతులో ముల్లైంది.

"పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గదా, అదే ఇది. ఒగ మాటకు అంత పట్టింపేంది?" అన్నాడు సలీం.

"నీకేం తెల్సు? ఏకు మాదిరి వచ్చి మేకైతాంది అది" అంది ముబశ్శిరా.

రంజాన్ మొదలైంది. రోజా ఉపవాసాలు సగం గడిచాయి. అత్త ఆ కైమాను మరిచిపోలేదు. తెల్లవారుజామున సహరీ తినడానికి లేచి కూర్చున్న వాళ్లతో పాటు తానూ లేచి, రొట్టె ముక్క నములుతూ, "ఆ చీనీ వాసన ముక్కులోనే ఉంది మే" అనేది. ముబశ్శిరా పళ్లు కొరుక్కుంటూ రొట్టెలు కాల్చేది. అప్పుడు అన్సార్ ఫోన్ చేశాడు. ఆదివారం తామిద్దరూ వస్తామని, మిగిలిన రోజాలకూ పండగకూ అమ్మను ఆళ్లగడ్డకు పిల్చుకుపోతామని చెప్పాడు.

రంజాన్ పండగకు అత్త నంద్యాల దాటి పోయింది ఎన్నడూ లేదు. నమాజు అయిపోయి సలీం ఇంటికొచ్చేసరికి పీట మీద అత్త ఉండాలి, ఆమె చేతిలో మొదటి గిన్నె పాలసేమ్యా ముబశ్శిరా పెట్టాలి. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు వచ్చి చూడాలి. అది పెద్దకోడలి హక్కు. హక్కని ఎవరూ రాసివ్వలేదు గానీ, ఈ ఇంట్లో ముబశ్శిరాకు సొంతమనుకునేది అదొక్కటే.

"పోతావా అత్తా?" అని అడిగింది.

"చూస్తాం లే" అంది హమీదాబీ, కిటికీలోంచి బయటికి చూస్తూ.

పోను అని అనలేదు. 'చూస్తాం' అంది. ముబశ్శిరాకు ఇక సందేహం లేదు. ఆ కైమా లాగుతోంది ఈమెను. అయితే ఆ కైమా ఇక్కడే దొరికితే? దానికంటే రుచిగా దొరికితే? ఆళ్లగడ్డకు ఎందుకు పోవడం?

ఎట్లా చేస్తారో తస్నీమ్‌ను అడిగితే నిమిషంలో తేలిపోయేది. ఫోన్ చేతిలోనే ఉంది. ముబశ్శిరా ఆ పేరు దాకా వేలు పోనిచ్చి, వెనక్కి తీసుకుంది. అడిగితే చెప్పేస్తుంది ఆ పిల్ల, నవ్వుతూ చెప్పేస్తుంది. అదే భరించలేనిది. మాడిన కూర వండేదాని దగ్గర పాఠం చెప్పించుకోవడమా? కైమా వండటం తనకు కొత్తా? మేకదైతే ఏంది, టర్కీదైతే ఏంది?

శనివారం సలీంను బండిఆత్మకూరు అనే ఊరికి తరిమింది. అక్కడ ఒకాయన దొడ్లో టర్కీ కోళ్లు పెంచుతాడని ఎవరో చెప్పారు. సలీం రోజాలో ఉండి, ఎండలో మోటర్‌సైకిల్ మీద పోయి వచ్చాడు.

"కోడి గాదది. మెడంతా ఎర్రగా వేలాడేసుకోని నా మీదికి గుర్రుమనె. పట్టుకునేసరికి నా రోజా పోతాదేమో అనుకుంటి" అన్నాడు గుమ్మంలో కూలబడి. దాన్ని హలాల్ చేయించి, తెలిసిన కసాయి కొట్లో ఎముకలు తీయించి కైమా కొట్టించుకొచ్చాడు. పాపం, అందుకు మెచ్చుకోలు కూడా రాలేదు. "కొవ్వే లేదే దీంట్లో" అని గిన్నెలోకి చూసి మూతి విరిచింది ముబశ్శిరా.

ఆదివారం మధ్యాహ్నానికే అన్సార్, తస్నీమ్ దిగారు. తస్నీమ్ నేరుగా వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి, "ఏం చేయమంటావక్కా?" అంది.

"ఏం చేయొద్దు. రోజాలో ఉండావు, బస్సులో వచ్చినావు. పోయి పండుకో."

మాట మెత్తగానే ఉంది. కానీ ముబశ్శిరా గుమ్మానికి అడ్డంగా నిలబడి అంది. తస్నీమ్ వెళ్లిపోయింది.

కైమా పని మొదలైంది. ఉల్లిగడ్డలు ఎర్రగా వేగాయి. అల్లం వెల్లుల్లి ముద్ద, పచ్చిమిర్చి పడ్డాయి. కైమా వేసి, ఊరిన నీళ్లన్నీ ఇగిరేదాకా కలుపుతూ కూర్చుంది. టర్కీ మాంసం పొడిబారుతుందని ఇంకాస్త నూనె పోసింది. అంతవరకూ ఆ చేతికి వంక పెట్టేవాళ్లు జిల్లాలో లేరు. తర్వాత చీనీకాయలు తీసింది. తస్నీమ్ ఒక కాయ తొక్క వేసుంటుంది, మహా అయితే రెండు. నేను బుట్టెడు వేస్తా అనుకుంది. కొబ్బరి తురిమే పలక మీద కాయలను బరబరా గీరింది. పైన పచ్చనిది పోయి కింద తెల్లనిది తేలింది. అయినా చెయ్యి ఆపలేదు. ఆ కాయలే పిండి, రసమంతా కైమాలో పోసి, మూత పెట్టి ఉడకనిచ్చింది. తొక్క కింద తెల్లది చేదని చీనీతోటల సీమలో పుట్టిన పిల్లలకు కూడా తెలుసు. ముబశ్శిరాకు తెలియదా? తెలుసు. కానీ ఆ పూట ఆమె కంటికి తస్నీమ్ తప్ప ఇంకేమీ ఆనలేదు.

వాసన మాత్రం ఇల్లంతా కమ్ముకుంది. వసారాలో పడుకున్న తస్నీమ్ కూడా "అబ్బ, చీనీ!" అని లేచి కూర్చుంది. చేదుకు వాసన ఉండదు. అదే వచ్చిన చిక్కు.

రోజా ఉన్న మనిషి వండుతూ రుచి చూడకూడదు. నాలుక కొసన వేసుకుని ఉమ్మేస్తే తప్పు లేదనేవాళ్లూ ఉన్నారు గానీ, ఈ ఇంట్లో ఆ మాట చెల్లదు. హమీదాబీకి చక్కెర జబ్బు. డాక్టరు రోజా వద్దన్నాడు. కాబట్టి రంజాన్ నెలంతా ఇంటికి నాలుక ఆమే. వంటింటి తలుపు చాటున కూర్చోబెట్టి చెంచాడు కూర చేతిలో పెడితే, ఆమె చప్పరించి చెప్పేదే తీర్పు.

ఆ రోజూ అట్లాగే కూర్చోబెట్టింది. హమీదాబీ కైమాను ముందు వాసన చూసింది. ముఖం విప్పారింది.

"అదే వాసన మే! అదే!"

"ఉప్పు?"

"సరిపోయింది."

"తొక్క గీరేటప్పుడు తెల్లది కొంచెం పడినట్లుంది. చేదేమన్నా తగుల్తాందా?"

హమీదాబీ నోట్లోది అటూ ఇటూ తిప్పి మింగింది. "చేదేందీ, భలేగుంటే! బాగుంది."

ముబశ్శిరా ఉండబట్టలేక అడిగింది. "ఆళ్లగడ్డ కైమా మాదిరి ఉందా?"

"దానికంటే మేలుగుంది."

ఆ మాటకు ముబశ్శిరాకు ఆకలీ దాహమూ తీరిపోయాయి. ఇక అత్త యాడికి పోతాదిలే అనుకుంది.

పొద్దు గూకగానే మసీదులో బాంగు పిలుపు వినిపించింది. ఖర్జూరాలు, నీళ్లు, పుచ్చకాయ ముక్కలతో రోజా వదిలారు. నమాజు చేసుకుని అందరూ కింద పరిచిన సుప్రా గుడ్డ చుట్టూ కూర్చున్నారు. కైమా గిన్నె మధ్యలో పెట్టి, మూత తీసి, ముబశ్శిరా తానే అందరికీ వడ్డించింది. తస్నీమ్‌కు ఒక గంటె ఎక్కువే వేసింది. తిను, తిని తెలుసుకో అన్నట్లు.

సలీం రొట్టె తుంచి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. దవడ ఆగిపోయింది. అన్సార్ ఒక ముద్ద మింగి గబగబా నీళ్లు తాగి, "వదినా..." అని, అన్న ముఖం చూసి, ఊరుకున్నాడు. తస్నీమ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా నములుతోంది. మింగలేదు, కక్కలేదు.

ముబశ్శిరాకు అనుమానమొచ్చి తానూ ఒక ముద్ద పెట్టుకుంది. వేపాకు నమిలినట్లుంది.

అప్పుడే హమీదాబీ ఖాళీ పళ్లెం ముందుకు జరిపి, "ఇంగొంచెం పెట్టు మే, బాగుంది" అంది.

ముబశ్శిరాకు ఒళ్లు మండిపోయింది. ఇదంతా కావాలని చేసింది ఈమె. చేదుగా ఉందా అని నోరు తెరిచి అడిగాను గదా! చిన్నకోడలి ముందు నన్ను ఇట్లా కూర్చోబెట్టాలనే బాగుందని చెప్పింది. ఇప్పుడు అందరూ ఉమ్మేస్తుంటే తాను మారు అడిగి వెక్కిరిస్తోంది.

"చాలించత్తా నాటకాలు! విషం మాదిరి ఉంటే బాగుందంటావా? దీని ముందర నా పరువు తీయాలనే గదా? ఆళ్లగడ్డకే పోవాలనుంటే పో. ఇంత పని ఎందుకు చేసినావు?" అని అరిచింది.

హమీదాబీ చెయ్యి పళ్లెం మీదే నిలిచిపోయింది. కొడుకుల ముఖాలు చూసింది. ఎవరూ తినని పళ్లేలు చూసింది. "చేదుందా?" అంది నెమ్మదిగా, ఎవరిని అడుగుతోందో తనకే తెలియనట్లు.

చివరికి తస్నీమే నోట్లోది మింగి అంది.

"అత్తకు తెలీదక్కా. నాలుకకు ఏమీ తెలీడంల్యా. పోయినేడు మాత్రలు మార్చినారు గదా, అప్పటినుంచి అంట. ఉప్పు లేదు, కారం లేదు, అంతా ఒగటే. నీకు చెప్పింటాదనుకుంటి."

"నీకెట్ల తెల్సు?"

"ఒగరోజు నేను పప్పులో ఉప్పే వేయలేదు. బాగుందే అనె. నా వంట బాగుందని ఎవరన్నా అంటే అనుమానం రాదా? గట్టిగా అడిగితే చెప్పె. చీనీ తొక్క వాసనొకటి, పులుపొకటి కొంచెం తెలుస్తాయంట. అందుకే మేము పెంచుకున్న టర్కీ కోడిని కోసినప్పుడు కైమాలో గీరి వేస్తి. పాపం, ఎన్నాళ్లకో నోటికి ఏదో తగిలిందని ఏడ్చె అత్త."

అత్తకు అన్నం రుచి తెలియకుండా పోయిందంటే ముబశ్శిరాకు ముందు జాలి కలగాలి. కలిగింది కూడా, కానీ అది తర్వాత. ముందు కలిగింది అసూయే. అసూయ అంటే ఇంతకు ముందు పడింది ఒక లెక్కా? ఒకే కప్పు కింద ఉంటూ, మూడుపూటలా పళ్లెం ముందు పెడుతూ తనకు తెలియని సంగతి, చుట్టపుచూపుగా పోయినచోట ఆ పిల్లకు తెలుసు. కైమా పోతే పోయింది. ఈ మాట తస్నీమ్‌కు దక్కింది, తనకు దక్కలేదు.

ఆ వెనకే ఇంకోటి తట్టింది. పోయిన ఏడాది నుంచి. అంటే, "బాగుంది" అనే మాట మొదలైన ఏడాది నుంచే. చారు బాగుంది, పలావు బాగుంది, అన్నీ బాగున్నాయి. తాను కోట కట్టుకుని కూర్చున్న ఆ ఏడాదంతా అత్త నోట్లో పడింది వట్టి ముద్ద. గోడకు చేరగిలబడి కూర్చుండిపోయింది ముబశ్శిరా. మగవాళ్లు చేతులు కడుక్కుని మెల్లగా లేచిపోయారు. తస్నీమ్ పళ్లేలు ఎత్తుకుని వంటింట్లోకి పోయింది. ఈసారి గుమ్మానికి ఎవరూ అడ్డం నిలబడలేదు.

"దానికి చెప్పి నాకెందుకు చెప్పలేదత్తా?" అని అడిగింది. గొంతులో ఇందాకటి కోపం లేదు. వట్టి ఉక్రోషం.

"దానికి చెప్తే నవ్వె" అంది హమీదాబీ. "నీ నాలుక పోయింది, నా వంటకు మంచిదేలే అత్తా అనె. నాకూ నవ్వొచ్చె. నీకు చెప్తే నువ్వు నవ్వుతావా? బాగలేదని గిన్నె జరిపితే రెండ్రోజులు తినకుండా పడుకున్నదానివి. నీ వంట నాకు తెలీడంల్యా అని యా నోటితో చెప్పేది?"

"అందుకని అబద్ధం చెప్తావా?"

"చెప్పినా. పూటపూటకూ చెప్పినా. నువ్వు పళ్లెం పెట్టి నా మొగం దిక్కు చూస్తూ నిలబడతావు. ఆ చూపు చూసి ఏం చెప్పమంటావు?"

ఆ చూపు ముబశ్శిరాకు తెలుసు. అద్దంలో చూసుకోలేదు గానీ తెలుసు.

"కైమా కోసం పోతాండానని నువ్వనుకుంటాండావు" అంది హమీదాబీ. "కైమా గాదు మే. రోజాకు నోచుకోనిదాన్ని నేను. ఈ నెల అబద్ధమన్నా ఆడకుండా ఉందామనుకుంటే, ఈ ఇంట్లో ఉంటే అయ్యేట్టు లేదు. ఆళ్లగడ్డలోనైతే అబద్ధమాడాల్సిన పని లేదు. అంతే."

అత్త కోపంగా అని ఉంటే ముబశ్శిరా ఎదురు మాట్లాడేది. హమీదాబీ కోపంగా అనలేదు. మోకాళ్ల మీద చేతులానించి లేచి, కైమా గిన్నెకు తానే మూత పెట్టి, పోయి పడుకుంది.

తెల్లారి సహరీ అయ్యాక ఎండ ఎక్కకముందే బయల్దేరారు. అత్త సంచి ముబశ్శిరానే సర్దింది. మాత్రలు ఒక పక్క, సూదిమందు ఇంకో పక్క, జపమాల పైన. ఎవరికీ ఆ పని అప్పగించలేదు. తస్నీమ్ పక్కకొచ్చి నిలబడి, ఎవరూ అడగకుండానే, "పైపైన పచ్చదే గీరాలక్కా, తెల్లది తగలగూడదు. రసం ఉడికిస్తే చేదైతాది. దించినాకే పిండాల" అని చెప్పింది. ముబశ్శిరా సంచి జిప్పు వైపే చూస్తూ, వినబడనట్లే ఉంది. ఒక్క మాటా పోనివ్వకుండా విన్నది. ఆ పిల్ల అంత సులువుగా చెప్పేసినందుకు మళ్లీ ఒళ్లు మండింది. ఎందుకు మండిందో ఆమెకే తెలియలేదు.

ఆటో వచ్చింది. అన్సార్ సంచులు ఎక్కించాడు. హమీదాబీ కూర్చుని, కొంగు సర్దుకుని, బయట నిలబడిన పెద్దకోడలిని చూసింది.

"పండక్కు ఆడికి రాండి మీరిద్దరూ" అంది.

ముబశ్శిరా ఆటో కమ్మీ పట్టుకుంది. "వస్తే నాతో గూడా నిజం చెప్తావా? నేను వండింది నీకు తెలీలేదంటే తెలీలేదని చెప్తావా?"

"నువ్వు ఏడవకుండా ఉంటానంటే చెప్తా."

"ఏడవను."

అంటుండగానే కళ్లు నిండి చెంపల మీదికి కారాయి. హమీదాబీ ఆటోలోంచి వంగి, కొంగుతో కోడలి చెంపలు తుడిచింది.

"చూడు మే, రోజాలో ఉండి నువ్వు గూడా అబద్ధమే ఆడతాండావు" అంది.